ప్రార్థనార్థకం

34 ఏళ్ళు తరగతి గదిలో ‘నిశ్శబ్దం!’ అని గద్దించినవాణ్ణి, నూనెబల్ల మీద బోర్లా పడుకుని ఒక్క కుర్రవాణ్ణి ‘కాసేపు మాట్లాడకు నాయనా’ అని అడగడానికి మూడు రోజులు తటపటాయించానంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, తప్పులేదు. అయితే సంగతంతా విన్న తరువాత నవ్వండి.

నాకు చాలాకాలంగా మెడనొప్పి. జవాబు పత్రాల మీద వంగి వంగి సంపాదించుకున్న ఆస్తి అది. మా పట్టణంలోని ఒక ఆయుర్వేద వైద్యుడు నాడి చూసి, ఏడు రోజులు అభ్యంగనం, ఆపైన ఆవిరితో స్వేదనం చేయించుకోమన్నారు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్య చెబుతూ, అభ్యంగనం నిత్యమూ చేసుకోవాలనీ, తలకూ చెవులకూ పాదాలకూ విశేషంగా పట్టించాలనీ అన్నాడు. అది శ్రమనూ వాతాన్నీ హరిస్తుందనీ, మంచి నిద్రనిస్తుందనీ కూడా చెప్పాడు. నొప్పి మాట అటుంచి, నాకు కావలసింది ఆ నిద్ర. అదెందుకు కరువైందో మనవి చేస్తాను.

మర్దన చేసే కుర్రవాడికి పాతికేళ్ళుంటాయి. చేతులు మంచివి. గోరువెచ్చని తైలం వీపున పోసి, మెడ నుంచి భుజాల దాకా వేళ్ళు నడిపిస్తుంటే ఎక్కడ ముడి ఉందో అతనికి చెప్పనక్కరలేదు. వచ్చిన చిక్కల్లా నోటితోనే. మొదటిరోజు సినిమాలు, ఇళ్ళస్థలాల ధరలు, చెల్లెలి పెళ్ళి. అంతవరకు ‘ఊఁ’ కొడుతూ నెట్టుకొచ్చాను. తరువాత ప్రశ్నలు మొదలయ్యాయి.

“పిల్లలెంతమంది మాస్టారూ? ఎక్కడుంటారు? అమ్మగారిని కూడా తీసుకురండి. ఆడవాళ్ళకు ఆడవాళ్ళే చేస్తారు మా దగ్గర.”

మా ఇంటావిడ కిందటి కార్తీకంలో వెళ్ళిపోయింది. ఆ మాట బల్ల మీద పడుకుని, చెక్క వంక చూస్తూ, ముఖమైనా సరిగా తెలియని కుర్రవాడికి ఎలా చెప్పను? ‘చూద్దాంలే’ అన్నాను. అతను సడలించిన మెడ క్షణంలో మళ్ళీ బిగుసుకుంది. రెండోరోజు మళ్ళీ అదే ప్రశ్న. మూడోరోజు కూడా. ప్రేమగానే అడిగాడు పాపం. అందుకే కసరలేకపోయాను. కసరకుండా అడగడమెలాగో నాకు తెలియలేదు.

ఆ రాత్రి ఎప్పటిలాగే నిద్ర రాక ఆలోచిస్తూ పడుకున్నాను. వాక్యభేదాలు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ‘కూర్చోండి’ అంటే విధ్యర్థకం. ‘మాట్లాడవద్దు’ అంటే నిషేధార్థకం. ‘దయచేసి తలుపు తీయండి’ అంటే ప్రార్థనార్థకం. మొదటి రెండింటినీ రోజూ వాడుకున్నాను. మూడోదాన్ని నల్లబల్ల మీద ఉదాహరణగా వ్రాసి, గంట కొట్టగానే తుడిచేశాను. ఇంట్లోనూ అంతే. ‘మంచినీళ్ళు’ అంటే మంచినీళ్ళు వచ్చేవి. క్రియాపదం కూడా ఖర్చు చేయనక్కర లేకపోయింది.

పోనీ ‘దయచేసి’ అందామంటే అది మన నోటికి అతకదు. బస్సులో బోర్డు చదివినట్టుంటుంది. పైగా ‘ఇక దయచేయండి’ అంటే బయటికి పొమ్మని కూడా అర్థం వస్తుంది. మన తెలుగులో వినయమంతా చిన్న చిన్న మాటల్లో దాగి ఉంది. ‘కాస్త’, ‘కాసేపు’, ‘ఏమీ అనుకోకు’. ఎదుటివాడి తప్పు ఎత్తిచూపకుండా మన అవసరం చెప్పుకోవడానికి అవి చాలు.

నాలుగోరోజు అతను తైలం వెచ్చజేస్తూ ఉండగానే, అంటే మాటలు మొదలు కాకముందే, అన్నాను. “ఏమీ అనుకోకు నాయనా. నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదు. ఇవాళ కాసేపు కళ్ళు మూసుకుని ఊరికే పడుకోవాలని ఉంది. నీ పని చాలా బాగుంది.”

అతను ఒక్క క్షణం ఆగాడు. “అయ్యో, ముందే చెప్పొద్దా మాస్టారూ! మాట్లాడకపోతే సరిగా పట్టించుకోలేదని కొందరు అనుకుంటారు. అందుకని ఏదో ఒకటి వాగుతూ ఉంటాను. నొప్పి పుడితే మాత్రం చెప్పండి.”

అంతే. మూడు రోజులు నేను మోసిన బరువు అంతమాత్రం. నేను విసుక్కున్న ఆ మాటలు అతని దృష్టిలో మర్యాదన్నమాట. తరగతిలో మాట్లాడిన పిల్లలను గోడకుర్చీ వేయించానే గానీ, ఎందుకు మాట్లాడుతున్నారని ఒక్కణ్ణీ అడిగిన గుర్తు లేదు.

ఆ తరువాత గదిలో పైన తిరిగే పంకా చప్పుడు, నూనె చేతుల సవ్వడి తప్ప మరేమీ లేవు. మధ్యలో ఒక్కసారి ‘వేడి సరిపోయిందా’ అన్నాడు. ఆ ప్రశ్న అవసరమైనదే. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. భుజం తట్టి లేపితే, ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు.

ఏడోరోజు అతను మౌనంగానే పని మొదలుపెట్టాడు. పాదాలకు తైలం పట్టిస్తున్నప్పుడు నేనే అన్నాను. “అమ్మగారి గురించి అడిగావు కదూ. ఆవిడ లేదు నాయనా. కార్తీకంలో పోయింది.”

అతని చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మెల్లగా కదిలాయి. ఈసారి అతనేమీ అనలేదు. మాట్లాడవద్దని నేను అడగనూ లేదు.