వృద్ధులును, అక్కరలేని ఆసుపత్రివాసమును

జబ్బు చేసినపుడు ఆసుపత్రికి బోవలెనని మన ప్రజలకు నేర్పుటకు సంస్కర్తలు చాల కాలము పాటుపడిరి. తాయెతులను, దిగదుడుపులను నమ్మి ప్రాణములు గోల్పోయిన దినములను దలచుకొన్నచో ఆ పాటు ఎంత యవసరమైనదో తెలియును. కాని మంచి పాఠమైనను ప్రతి వయస్సునకును ఒకే తీరున వర్తింపజేసినచో కీడు కలుగవచ్చును. ఎనుబది యేండ్లు దాటి, నడక తడబడి, జ్ఞాపకము సన్నగిల్లిన వృద్ధులకు ఆసుపత్రి మంచము ఒక్కొక్కప్పుడు వచ్చిన రోగముకంటె నెక్కువ హాని చేయుచున్నది. క్రొత్త గది, రాత్రియంతయు వెలుగు దీపములు, పూటపూటకు మారు ముఖములు వారి మతిని కలచివేయును. పది దినములు పరుండియున్నచో కాళ్ల సత్తువ సడలి, లేచి నడచుటయే గగనమగును. వీపున పడక పుండ్లు పుట్టును. మూత్రమునకై పెట్టిన గొట్టము వెంట క్రొత్త రోగము ప్రవేశించును. తెచ్చిన రోగము కుదిరి, తేని రోగములతో ఇల్లు చేరువారు పెక్కుమంది.

ఈ విషయమును అందరికంటె శ్రద్ధగా లెక్కగట్టి చూచినది అమెరికా దేశము. అచ్చట నర్సింగు హోము అనగా మన పట్టణములందు ఆ పేర బరగుచున్న ప్రైవేటు ఆసుపత్రి కాదు. తమంత తాము స్నానపానాదులు జరుపుకొనలేని వృద్ధులు నెలలును, ఏండ్లును నివసించు సదనము. అట్టివి ఆ దేశమున సుమారు 15,000 గలవు. అందు 12 లక్షలకు పైగా జనులు వసించుచున్నారు. 2011వ ఆర్థిక సంవత్సరమున మెడికేర్ అను ప్రభుత్వ బీమాగల సదనవాసులలో నాలుగింట నొకవంతు ఆసుపత్రిలో జేరిరనియు, అందులకు 1,430 కోట్ల డాలర్లు వ్యయమయ్యెననియు ప్రభుత్వ తనిఖీ శాఖవారు ప్రకటించిరి. మెడికేర్‌తోపాటు బీదల బీమాయగు మెడికెయిడ్ కూడ గలవారిని గూర్చి 2005వ సంవత్సరపు లెక్కలను పరిశీలింపగా, సదనములనుండి జరిగిన చేరికలలో నూటికి 45 తప్పింపదగినవని తేలినది. ఆ సంఖ్య 3,14,000.

తప్పింపదగినవనగా నేమి? న్యుమోనియా, మూత్రకోశపు రోగము, గుండె నీరసించి ఒంట నీరు చేరుట, దేహమున నీరు తఱుగుట, ఉబ్బసము వంటి శ్వాసవ్యాధులు, చర్మమున పుండ్లు: ఈ యారే అందులో పెద్ద పాలు. ఇవి పిడుగువలె పడునవి కావు. రెండు మూడు దినములు ముందుగా జాడ చూపి మఱి వచ్చును. ఆ జాడను గుర్తించినచో సదనముననే మాత్రలతోను, నీటితోను, ఒక నర్సు పర్యవేక్షణతోను కుదుర్పవచ్చును. కెనడాలోని హామిల్టను ప్రాంతమున 22 సదనములలో జరిగి 2006లో ప్రకటితమైన పరీక్ష దీనికి దృష్టాంతము. ఊపిరితిత్తుల రోగము సోకినవారికి ఒక క్రమము ప్రకారము సదనముననే చికిత్స చేయగా నూటికి 10 మంది మాత్రమే ఆసుపత్రికి బోయిరి. పాత పద్ధతిని నడచిన సదనములలో నూటికి 22 మంది పోయిరి. మరణముల సంఖ్యలో భేదము కనబడలేదు.

ఇంత సులభమైనది జరుగకుండుటకు కారణము కొంత ధనమున నున్నది. అమెరికా సదనములలో చిరకాలము వసించు బీదలకు మెడికెయిడ్ సొమ్ము చెల్లించును, అది తక్కువ. వారు మూడు దినములు ఆసుపత్రిలో నుండి తిరిగి వచ్చినచో, కొంతకాలము మెడికేర్ అంతకంటె చాల హెచ్చుగా చెల్లించును. రోగిని పంపినచో శ్రమ తప్పును. తిరిగి వచ్చినచో ఆదాయము పెరుగును. దుర్మార్గులు లేకున్నను దుష్ఫలము కలుగు ఏర్పాటిది. ఇక నడిరాత్రి ఫోనునందుకొన్న వైద్యుడు రోగిని జూడక, "ఆసుపత్రికి పంపుడు" అనుటయే తనకు క్షేమమని తలచును. బంధువులును అట్లే తలతురు.

కాని ధనముకంటె లోతైన కారణ మొకటి కలదని నా నమ్మకము. మా మేనత్తగారు తమ కడపటి రెండేండ్లు మన ప్రాంతముననే ఒక వృద్ధాశ్రమమున గడపిరి. ఒకనాటి రాత్రి ఆమె మాట తడబడి, మనుష్యులను గుర్తింపకపోగా అంబులెన్సులో ఆసుపత్రికి గొనిపోయిరి. దేహమున నీరు తఱిగి మూత్రకోశమున రోగము ముదిరినదని అచ్చట చెప్పిరి. పదునొకండు దినములకు జబ్బు కుదిరినది. నడక మాత్రము మరల రాలేదు. ఆమె వస్త్రములు తెచ్చుటకు నేను ఆశ్రమమునకు బోగా, ఆమెకు అన్నము పెట్టు ఆయా నాతో ననినది: "మూడు రోజుల నుంచీ అమ్మగారు గ్లాసుడు నీళ్లు కూడా తాగలేదండీ. ఊరికే నిద్రపోతున్నారు." ఎవరికైన జెప్పితివా యని యడిగితిని. "నన్నెవరు అడుగుతారండీ?" అనినది.

ఈ ప్రశ్నలోనే విషయమంతయు నిమిడియున్నది. రోగపు తొలి జాడ వైద్యుని యంత్రమునకు దొరకదు. కంచములో మిగిలిన ముద్దను, తాకని గ్లాసును చూచు కంటికి దొరకును. ఆ కన్ను ఆశ్రమములో అందరికంటె తక్కువ జీతము గలదానిది. అమెరికాలో ఇంటరాక్ట్ అను పద్ధతిని నిర్మించినవారు ఈ సత్యమును గ్రహించి, సేవకురాండ్రకొఱకు ఒక చిన్న కాగితము గల్పించిరి. ఎప్పటివలె లేకుండుట, తక్కువగా మాటాడుట, తక్కువగా తినుట, త్రాగుట, మూడు దినములు విరేచనము కాకుండుట, మగతగా నుండుట మొదలగువానిలో ఏది కనబడినను ఆమె గుఱుతుపెట్టి నర్సున కీయవలెను. నర్సు తప్పక చూచి మారుపలుకవలెను. 2011లో ప్రకటితమైన పరిశీలనలో, ఈ పద్ధతి నవలంబించిన 25 సదనములయందు ఆసుపత్రి చేరికలు నూటికి 17 వంతులు తగ్గెను.

అయితే కాగితము దానంతట పనిచేయదు. అదే పద్ధతిని శిక్షణ యిచ్చి సదనములకు వదలిపెట్టి పరీక్షింపగా, చెప్పుకొనదగిన తగ్గుదల లేదని 2017లో తేలినది. ప్రభుత్వము 2012 మొదలు 2016 వఱకు ఏడు రాష్ట్రములలో ప్రయత్నము సాగించెను. పాఠములు మాత్రము చెప్పిన చోటులకంటె, పై చదువు చదివిన నర్సులను నిలిపి రోగులను స్వయముగా చూపించిన చోటుల ఫలము హెచ్చుగా కలిగెను. మిస్సోరీలో 16 సదనములకు ఒక్కొక్క నర్సు చొప్పున నియమించుట ఇట్టిదే. పిమ్మట 2016 మొదలు 2020 వఱకు, సదనముననే చికిత్స చేసినందులకు సొమ్ము చెల్లించి చూచిరి. ఆ సొమ్మువలన మాత్రము స్థిరమైన తగ్గుదల కనబడలేదు. చూచు కన్ను, వినిపించుకొను చెవి, వెంటనే కదలు చేయి: ఈ మూడును ఒక్క చోట కూడవలెను.

ఇది వృద్ధులకు వైద్యము నెగగొట్టు ఉపాయమని కొందరు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. తుంటి యెముక విఱిగినను, పక్షవాతము వచ్చినను, గుండెపోటు వచ్చినను ఒక్క నిమిషమైనను ఆలసింపక ఆసుపత్రికి గొనిపోవలసినదే. చికిత్స చేయు శక్తిలేని సదనమున రోగిని నిలుపుట మిగుల్పు కాదు, ద్రోహము. ముందు సదనమునకు శక్తి కలిగించి, పిమ్మటనే ప్రయాణమును మాన్పింపవలెను.

మన దేశమున 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టము, దిక్కులేని వృద్ధులు 150 మందికి చాలునట్టి ఆశ్రమమును జిల్లా కొకటి చొప్పున నెలకొల్పవచ్చునని రాష్ట్రప్రభుత్వములకు జెప్పినది. ప్రైవేటు ఆశ్రమములును మన పట్టణములందు పెరుగుచున్నవి. పెద్దలను చేర్చబోవు గృహస్థులు గదులు, భోజనము, తోట చూచి మురియుచున్నారు. వారడుగవలసిన ప్రశ్నలు వేఱు. రాత్రివేళ నర్సు ఎవరు? వైద్యుడు ఎన్ని దినముల కొకసారి వచ్చును? అన్నము పెట్టు ఆయా చెప్పిన మాట ఎవరు వ్రాసికొందురు, ఎంత సేపటిలో చూతురు? ఈ ప్రశ్నలకు బదులు చెప్పలేని ఆశ్రమము ఎంత సుందరమైనను అది బస మాత్రమే గాని సంరక్షణ కాదు. పెద్దలకు మనము చేయదగిన సేవలలో మొదటిది, వారి ప్రక్కనున్న సేవకురాలికి నోరిచ్చుట. ఆమె మాటకు విలువ నిచ్చుట.