చియాంగ్ మాయ్‌లో స్థిరపడాలనుకునే పెద్దవాళ్లకు

రిటైరయ్యాక థాయిలాండ్‌లో ఉండిపోదామనుకునే విదేశీయులు ముందు అడిగేది దొంగల గురించే. చియాంగ్ మాయ్‌లో నాకు ఎక్కువ భయం మాత్రం అరవై దాటాక అద్దెకు తీసుకునే స్కూటర్ అంటేనే. సరైన లైసెన్సు లేకపోతే ప్రమాదం జరిగాక బీమా కంపెనీ చేతులెత్తేయొచ్చు. ఆ తర్వాత పొగ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాల్లో, అడవుల్లో మంటల పొగ ఊరంతా కమ్మేస్తుంది. ఆయాసం ఉన్నవాళ్లు ఆ నెలల్లో దక్షిణానికి వెళ్లిపోవడమే మేలు.

వీసాకు 50 ఏళ్లు నిండాలి, బ్యాంకులో 8 లక్షల థాయి బాత్‌లు గానీ, నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం గానీ చూపాలి, 90 రోజులకోసారి చిరునామా తెలపాలి. అవి కాగితాల పనులు, ఎలాగోలా అయిపోతాయి.

ఒంటరిగా ఉండేవాళ్లు మాత్రం దయచేసి పక్కింటివాళ్లతో రోజూ ఓ పలకరింపు పెట్టుకోండి. అంబులెన్స్ నంబరు 1669. ఇంటి చిరునామా థాయి లిపిలో రాయించి ఫోన్లో ఉంచుకోండి.