గేజీ ముందర ప్రమాణం

చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు. గ్రానైటు పలకలెత్తే టేబుళ్లకూ, ట్రాక్టరు ట్రాలీలకూ హైడ్రాలిక్ సిలిండర్లు చేస్తారిక్కడ. నేను వెళ్లేసరికి యజమాని మేనల్లుడు డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించి ఉన్నాడు. పాలిటెక్నిక్‌లో ఫెస్టో వాళ్ల హైడ్రాలిక్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఫ్లూయిడ్‌సిమ్ మీద పని నేర్చిన కుర్రాడు. పాత వెర్షన్‌ను మాత్రం పక్క కంప్యూటర్లో అట్లే ఉంచాడు.

"ముందు మనకు తెలిసిన మిషన్ మీద చూడాల సార్" అన్నాడు.

ఆ మిషన్ షెడ్డులోనే ఉంది. పలకలెత్తే టేబుల్: 100 మిల్లీమీటర్ల బోరు, 300 స్ట్రోకు, నిమిషానికి 20 లీటర్ల పంపు. సిలిండరు నిండడానికి 2.36 లీటర్ల ఆయిలు కావాలి. కాగితం లెక్కలో 7.1 సెకన్లు. పాత వెర్షన్ కూడా అంతే చెప్పేది, అందులోని పంపుకు లీకేజీ అన్నదే లేదు గనక. కొత్తది 7.3 అంది. ఆరు టన్నుల పలకలు పేర్చి వాచీ పట్టుకుంటే 7.6 వచ్చింది. గేజీ 75 బార్ దగ్గర నిలిచింది.

కుర్రాడు సెట్టింగులు తెరిచాడు. పాత ఫైల్లో ఆయిలు వివరం లేదు. కొత్త వెర్షన్ దానంతటదే 46 గ్రేడు, 40 డిగ్రీలు వేసుకుంది. వీళ్లు పోసేది 68. గ్రేడు అంకె చెప్పేది 40 డిగ్రీల దగ్గరి చిక్కదనాన్ని. ఎండాకాలం మధ్యాహ్నం ట్యాంకు 60 డిగ్రీలకు చేరితే అది సగానికన్నా తగ్గిపోతుంది, పంపు లోపలి సందుల్లోంచి ఆయిలు వెనక్కి జారుతుంది. రెండూ దిద్దాడు. స్క్రీను మీద 7.6.

"స్క్రీను ఏమన్నా చెప్పనీ సార్, గేజీ, వాచీ ఒప్పుకుంటేనే కాణిపాకంలో ప్రమాణం చేసినట్టు" అన్నాడు మామ. కాణిపాకం వినాయకుడి ఎదుట అబద్ధమాడడానికి జంకే సీమ ఇది. ఆ మాట ఇక్కడ ఊరికే రాదు.

అర సెకను తేడాకు ఇంత పనా అనిపించవచ్చు. కానీ జారిన ఆయిలు మోసిన శక్తంతా వేడిగా మారుతుంది, ఆ వేడికి ఆయిలు ఇంకా పలచబడుతుంది. కూలరు పెట్టాలా వద్దా అన్నది తేలేది ఇక్కడే. అందుకే నా దృష్టిలో కొత్త వెర్షన్‌కు మారడం ఖర్చుకు తగిందే. పోలవరం స్పిల్‌వేలో 48 గేట్లను ఎత్తే 96 సిలిండర్లకూ ఇదే శాస్త్రం.

కుర్రాడు రిజిస్టరులో వెర్షన్, ఆయిలు, వేడి, స్క్రీను టైము, వాచీ టైము రాసుకుని ట్రాలీ సిలిండరు ఫైలు తెరిచాడు. పాత ఫైళ్లన్నీ ఇట్లా తేలేదాకా పక్క కంప్యూటర్‌ను ఎవరూ ముట్టుకోకూడదట.