ఆగిన బండి

2025 నవంబర్ 6

కాకకు జ్వరం తగ్గలేదు. చేను కావలికి నేనే పోయాను. కంది కాయ పడుతోంది. ఇంకో నెలన్నర కాపాడుకుంటే పంట చేతికొస్తుంది. అడవి పందులైతే డబ్బా కొట్టగానే పోతాయి. జింకలు అలా కాదు. అలికిడి లేకుండా వచ్చి, లేత కొసలు తెంపుకుని, అలికిడి లేకుండానే పోతాయి.

నిన్ననే కార్తీక పున్నమి. మంచె మీద నుంచి చూస్తే గుట్ట మొదలు దాకా వెన్నెల. ఎనిమిది దాటాక చుక్కల జింకల మంద దిగింది. కిందున్న మట్టిబాట మీద పత్తి లోడుతో ట్రాక్టరు పోయింది. ట్రాలీ గడగడలకు నా మంచె కూడా కదిలినట్టనిపించింది గానీ జింక ఒక్కటీ తల ఎత్తలేదు. తర్వాత ఒక బైకు పోయింది. మేత ఆగలేదు.

తర్వాత కారొచ్చింది. మలుపు దగ్గర నెమ్మదించింది. అంతే, అంచున మేస్తున్న పెద్ద ఆడజింక మెడ నిలబెట్టింది. కారు ఆగింది. మంద మొత్తం అటే చూసింది. ఇంజను ఆగింది. ఆడజింక ముందుకాలు మెల్లగా లేపి నేలకేసి కొట్టింది. కాసేపాగి మళ్లీ కొట్టింది. డోరు తీసి ఎవరో కాలు కింద పెట్టగానే తోకలన్నీ పైకి లేచాయి, కింది తెలుపు మెరిసింది. కూతలాంటి సన్నని అరుపు ఒక్కటి. ఆ తర్వాత చేను ఖాళీ.

పంట మేసేవి పోయాయి, మంచిదే. కానీ ఆ తెలివి గురించే రాత్రంతా ఆలోచించాను. ట్రాక్టరు చప్పుడుకు కదలనివి కారు నిశ్శబ్దానికి పారిపోయాయి.

నవంబర్ 7

కాక లేచి కూర్చుని గంజి తాగుతుంటే రాత్రి సంగతి చెప్పాను.

"బండికి బెదరయ్‌రా అవి" అన్నాడు. "పోయే బండి పోతనే ఉంటది, దానితోని వాటికేం పని? ఆగిన బండిలకెల్లి మనిషి దిగుతడు. గది ఎర్కనే వాటికి."

ఆయన చిన్నప్పుడు ఈ చుట్టుపక్కల తుపాకీ ఉన్నవాళ్లు ఎడ్లబండి చాటున నడుచుకుంటూ జింకల మీదికి పోయేవాళ్లట. బండిని చూస్తే జింకలు లేచేవి కావు. తెల్లదొరల కాలం వేట పుస్తకాల్లోనూ కృష్ణజింకల గురించి ఇదే ఉంటుంది. కాలినడకన పోతే తుపాకీ దూరానికి కూడా రానీయని జింక, ఎడ్లబండిని మాత్రం దగ్గరిదాకా రానిచ్చేది. రాజుల వేటలో మచ్చిక చేసిన చీతాలకు కళ్లకు గంతలు కట్టి ఎడ్లబండి మీదే తీసుకుపోయి జింకల మంద దగ్గర వదిలేవాళ్లు. రోజూ చూసే బండి మీద ఆ జంతువు పెట్టుకున్న నమ్మకమే వేటగాడికి పనికొచ్చింది.

ఆ చీతా కథా బండితోనే ముగిసింది. 1947లో కొరియా సంస్థానపు రాజు, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో, రాత్రిపూట కారులో పోతూ లైట్ల వెలుగులో మూడు చీతాలను కాల్చాడు. మన దేశంలో లెక్కకు దొరికిన చివరి చీతాలు అవే అంటారు. 1952లో చీతా అంతరించిందని ప్రకటించారు.

నవంబర్ 16, ఆదివారం

వికారాబాద్‌లో పని చూసుకుని అనంతగిరి మీదుగా వచ్చాను. మూసీ పుట్టిన ఆ గుట్టల మీద ఆదివారమైతే హైదరాబాద్ బండ్లే. పచ్చదనం కోసం జనం రావడం నాకిష్టమే. పద్మనాభస్వామి గుడికి చిన్నప్పటి నుంచీ పోతున్నాం, గుట్ట మా ఒక్కరిదే అని ఏనాడూ అనుకోలేదు.

కానీ రోడ్డు వాలులో ఒకచోట నాలుగు కార్లు వరసగా ఆగి ఉన్నాయి, డోర్లన్నీ తెరిచి, పాటలు పెట్టి. చెట్ల మధ్య మూడు జింకలు. ఒకాయన బిస్కెట్ ప్యాకెట్ చింపి విసురుతున్నాడు. రెండు జింకలు పోయాయి. చిన్నది మాత్రం పోలేదు. మెడ చాచి ఒక అడుగు ముందుకేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ ఒక్క అడుగు చూసి నాకు గుండె జారింది. పారిపోయిన రెండూ బతకడం నేర్చుకున్నవి. ఆగిన బండి దగ్గర తిండి దొరుకుతుందని ఆ చిన్నది ఇవాళ నేర్చుకుంది. రేపు రాత్రి అదే మలుపులో వేరే బండి ఆగుతుంది. దానిలో బిస్కెట్లు ఉండవు.

నవంబర్ 23

అమెరికాలో మనిషికీ బండికీ అడవి జంతువులు ఎలా స్పందిస్తాయో తేల్చడానికి పెద్ద పరిశోధనే చేశారు. ఒరెగాన్ రాష్ట్రంలో స్టార్కీ అనే ప్రయోగ అడవి ఉంది. చుట్టూ ఎనిమిది అడుగుల కంచె, లోపలి జంతువులకు మెడ పట్టీలు. ఆ అడవి బాటల్లో ఒక్కో విడత ఒక్కో రకం మనుషులను పంపారు: నడిచేవాళ్లు, గుర్రం మీద పోయేవాళ్లు, సైకిలు తొక్కేవాళ్లు, నాలుగు చక్రాల మోటారు బండ్ల వాళ్లు. ఎల్క్ అనే పెద్ద దుప్పులు మోటారు బండ్లకూ సైకిళ్లకూ ఎక్కువ దూరం జరిగాయి, నడిచేవాళ్లకూ గుర్రాలకూ తక్కువ. అదే అడవిలోని మ్యూల్ డీర్ మాత్రం పెద్దగా కదలలేదు. అవి దగ్గర్లోని దట్టమైన పొదల్లోనే ఒదిగిపోయి ఉండొచ్చని పరిశోధకులు ఊహించారు. ఒకే అడవి, ఒకే బండి, రెండు జాతుల తీరు రెండు రకాలు. పారిపోని జంతువు భయపడలేదని అనుకోవద్దని దీన్నిబట్టి నాకు తోచింది.

అమెరికాలో వేట చట్టబద్ధమే. వేటగాళ్లు దాక్కునే గూళ్లు మన మంచెల్లాంటివే. వాటి దగ్గర బండి నిలిపి ఉంచితే జింకలు ఆ దిక్కుకు రావని వేటగాళ్ల నమ్మకం. అందుకని ఒకడు బండి తోలుకొచ్చి వేటగాణ్ని గూటి దగ్గర దించి, ఇంజను ఆపకుండా వెళ్లిపోతాడు. బండి పోయిన చప్పుడు విన్న జింక ఇక ఎవరూ లేరనుకుంటుంది. మన దేశంలో పులి కోసం మంచె కట్టినప్పుడూ ఇదే ఉపాయం. మంచె ఎక్కేవాడు ఎక్కాక, వెంట వచ్చిన ఊరివాళ్లు గట్టిగా మాట్లాడుకుంటూ తిరిగి పోయేవాళ్లు. వినేది పులైనా జింకైనా, వచ్చినవాళ్లు పోయారా లేదా అన్నదే దానికి ప్రాణం మీది లెక్క.

నవంబర్ 30

హైదరాబాద్ పోయినవాణ్ని వనస్థలిపురం హరిణవనస్థలి చూసి వచ్చాను. ఒకప్పుడది నిజాముల వేట మైదానం. మహావీరుడి నిర్వాణానికి 2,500 ఏళ్లు నిండిన సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టి కృష్ణజింకలకు వదిలారు. గోడ అవతల విజయవాడ హైవే, లారీల హారన్లు తెగవు. ఇవతల మగజింక ఒకటి, మెలి తిరిగిన కొమ్ములతో, నల్లని వీపుతో, నింపాదిగా నెమరు వేస్తోంది. ఆ లారీల్లో ఒక్కటీ దాని కోసం ఆగలేదు, అందుకే దానికి లెక్క లేదు.

ఈ మార్చి చివర, ఏప్రిల్ మొదట జరిగింది గుర్తొచ్చింది. హైదరాబాద్ యూనివర్సిటీ పక్కనే ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి రాత్రీపగలూ జేసీబీలు దిగాయి. అవి పోయే బండ్లు కావు, నిలబడి చెట్లు పెకిలించే బండ్లు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆ రోజుల్లోనే యూనివర్సిటీ ఆవరణలో కుక్కలు కరిచి ఒక జింక చనిపోయింది. చుక్కల జింకను 2014లో రాష్ట్ర జంతువుగా ఎంచుకున్న తెలంగాణలో జరిగిందిది. రాసుకోవడానికే కష్టంగా ఉంది.

డిసెంబర్ 5

రాత్రి రెండింటికి మట్టిబాట మీద జీపు. లైటు ఒకటి చేన్ల మీద అటూ ఇటూ తిరిగింది. కాక మంచె మీద నుంచి కేకేశాడు, నేను టార్చి కొట్టాను, పక్క చేన్లవాళ్లూ లేచారు. జీపు పోయింది. ఎవరో తెలియదు. పొద్దున్నే మాజీ సర్పంచికి, ఫారెస్టు వాళ్లకు చెప్పాం.

జింక కంటి లోపల వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. చీకట్లో బాగా కనిపించడానికి పనికొచ్చే ఆ పొరే, దూరం నుంచి లైటు పడగానే మెరిసి దాన్ని పట్టిస్తుంది. కళ్లు చెదిరి అది నిలబడిపోతుంది. ఈ ఒక్క సమయంలోనే జింక ఆగిన బండి ముందు కదలదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఆనాడు లైసెన్సు మీద కొంత వేట ఉండేది. అప్పటికే చట్టం రాసినవాళ్లు బండి సంగతి ఎరిగి ఉన్నారు. లైసెన్సు ఉన్నవాడు కూడా మోటారు బండి మీద నుంచి వేటాడకూడదని, కారుతో జంతువును తరమకూడదని అందులో రాశారు. 1991లో ఆ లైసెన్సులే పోయాయి. అయినా 1998లో జోధ్‌పూర్ దగ్గర కాంకాణి ఊళ్లో కృష్ణజింకలు చచ్చింది అర్ధరాత్రి జిప్సీ జీపు తిరిగినప్పుడే. దాని మీద పెట్టిన వేట కేసు నిలబడటానికి ముఖ్య కారణం చప్పుడుకు లేచి చూసి, చూసింది కోర్టులో చెప్పిన బిష్ణోయీ ఊరివాళ్లు. మా ఊళ్లోనూ లేచేవాళ్లున్నారని రాత్రి తెలిసింది. దానికి సంతోషం.

డిసెంబర్ 14

కంది ఎండుతోంది. జింకలు తిన్నది తిన్నాయి, మిగిలింది మాకు చాలు. కాక లెక్క ఎప్పుడూ అంతే, పందులను తిట్టినట్టు జింకలను తిట్టడు.

స్కూలు వార్షికోత్సవానికి జింకల సంగతే మాట్లాడమన్నారు. చెప్పదలచుకున్నది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నా. అనంతగిరి, దామగుండం, కోటిపల్లి వైపు వచ్చే అన్నలారా, అక్కలారా, జింక కనిపిస్తే వేగం తగ్గించండి, పోతూ పోతూ చూడండి, ఆపకండి. ఆగక తప్పకపోతే డోరు తీయకండి. హెడ్‌లైట్లు వాటి మీదికి తిప్పకండి. బిస్కెట్ ముక్క కూడా వేయకండి. ఆగిన బండిని చూసి పారిపోవడమే దానికున్న రక్షణ, మీ ముచ్చట కోసం దాన్ని మాన్పించకండి. రాత్రిపూట లైటు తిప్పుతూ బండి కనిపిస్తే నంబరు రాసుకుని పోలీసులకో ఫారెస్టు వాళ్లకో చెప్పండి.