పొడుగు లెన్సు లేకుండా ఫిల్మ్‌నగర్‌లో

కృష్ణానగర్,
సోమవారం రాత్రి

బావా,

క్షేమంగా చేరాను. బస్టాండు దాకా మోసుకొచ్చిన 150–600 లెన్సు నేను తీసుకోలేదని నువ్వింకా అలకలోనే ఉన్నావట, అత్తయ్య ఫోన్లో చెప్పింది. అలిగితే అలిగావుగానీ, దగ్గర దగ్గర రెండు కిలోల బరువు మెడకి తగిలించుకుని ఈ ఎగుడుదిగుడు రోడ్లు తిరగడం నా వల్ల కాదు. ఆటపాక గట్టున కూర్చుని గూడబాతులకి గురిపెట్టేవాడికి అది కావాలి. నాకు ఎదుటి మనిషి గొంతు వినపడే దూరం చాలు.

మన ఊరి కుర్రాడి గదిలోనే దిగాను. ఇప్పుడు కుర్రాడేమీ కాదులే, లైట్‌మ్యాన్‌గా చేసీ చేసీ తల నెరిసింది. జూబ్లీహిల్స్ కొండమీది బంగళాల్లో తీసే సినిమాలకి కావలసిన మనుషుల్లో చాలామంది ఉండేది ఈ కృష్ణానగర్ సందుల్లోనే. జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, ఫైటర్లు, మేకప్‌వాళ్లు, ప్రొడక్షన్ బాయ్‌లు. తెల్లారకుండానే బట్టల సంచులతో టీకొట్ల ముందు నిలబడి కంపెనీ బండి కోసం చూస్తుంటారు. ఇక్కడ కంపెనీ అంటే సినిమా తీసే కంపెనీయే, ఇంకోటి కాదు.

అందుకే భుజాన కెమెరా సంచి పెట్టుకోను. సంచి కనిపిస్తే చాలు, "ఏ కంపెనీ సార్?" అంటూ నలుగురు చేరి ఫోన్లలో తమ స్టిల్స్ చూపిస్తారు. వేషం ఇప్పించలేనివాణ్ణి, వాళ్లకి లేనిపోని ఆశ పెట్టడం దేనికి? నాదంతా జేబుల సరంజామా. గళ్ల నూలు చొక్కా, పొట్టి చేతులు, రెండు జేబులు తప్పనిసరి: ఒకదాంట్లో విడి బ్యాటరీలు, రెండోదాంట్లో చిన్న నోటుబుక్కూ పెన్సిలూ. కెమెరాతో వచ్చిన పట్టీ తీసేసి నూలు పట్టీ కట్టాను, చెమటకి మెడ ఒరుసుకోదు. కెమెరా పేరు మీద నల్ల టేపు అంటించాను. బ్రాండ్ చూసి మాట కలిపేవాళ్లతో ఇక ఫొటో తీసినట్టే!

కెమెరా అదే, నువ్వు వెక్కిరించే పాత ఫ్యూజీ ఎక్స్ 100 ఎఫ్. దాని లెన్సు ఊడదు, జూమ్ లేదు. 23 మిల్లీమీటర్లు, మన ఫిల్ము రోజుల లెక్కలో 35 కింద లెక్క. దగ్గరికి కావాలంటే నడవాలి, దూరం కావాలంటే వెనక్కి నడవాలి. అపర్చరు రింగు లెన్సు మీద, షట్టరు చక్రం నెత్తి మీద ఉన్నాయి. మెనూలు వెతుక్కునే పని లేకుండా వేళ్లకే తెలిసిపోతుంది. దానికంటే ముఖ్యం, షట్టరు చప్పుడు చేయదు.

ఇక్కడి మనుషులతో ఒక చిక్కుంది. వీళ్లకి కెమెరా ముందు నిలబడటం వృత్తి. అడిగితే కాదనరు, అడగ్గానే మొహం తిప్పి తమకి బాగా నప్పే వైపు చూపిస్తారు. ఇవాళ పొద్దున ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, ఎక్కువగా తల్లి వేషాలే వేస్తుందట, "ఎడమవైపు తియ్యండి బాబూ, కుడి కంటికింద నీడ పడుతుంది" అంది. నాకు పాఠం చెప్పినట్టే చెప్పింది. ఆవిడ చెప్పినట్టే తీశాను. ఆ భంగిమ అలసిపోయాక, మనిషి టీగ్లాసు కోసం చెయ్యి చాపే వేళకి ఇంకోటి తీశాను. పొడుగు లెన్సు చేతిలో ఉంటే ఆవిడకి తెలియకుండా రోడ్డవతల నుంచే తీసేవాణ్ణి. అలా తీసినవి నాకు నచ్చవు బావా. పక్షులకి సరే, మనుషులకి కాదు.

తిండి గురించి అత్తయ్యకి బెంగ వద్దని చెప్పు. రెండు ఇడ్లీలు, కారప్పొడి, నెయ్యి. పంచదార లేని ఫిల్టరు కాఫీ. ఇరానీ చాయ్ మాత్రం నాకింకా అలవాటు కాలేదు. ఉస్మానియా బిస్కట్టు ఒక్కటే తిని లేస్తున్నాను.

ఫిల్మ్‌నగర్,
బుధవారం

బావా,

ఇవాళ మనవాడు నన్నొక షూటింగుకి తీసుకెళ్లాడు. అద్దెకిచ్చిన బంగళా, బయట జనరేటర్ వ్యాను, కారవాన్లు. గేటు దగ్గరే షరతు పెట్టారు: కెమెరా బయటికి తియ్యకూడదు. స్టిల్సు లీకైపోతాయని భయం. సరేనని జేబులో పెట్టుకున్నాను. తియ్యడానికి వీల్లేదన్నాక చూడటం ఒక్కటే పని.

ఏం చూశానంటే: హెచ్ఎమ్ఐ లైటు మోయడానికే ఇద్దరు కావాలి. దాన్ని తీసుకొచ్చి కథానాయిక మీద వేస్తారనుకున్నాను. తీరా చూస్తే లైటు వీపు ఆవిడవైపు ఉంచి, దాన్ని గోడవైపు తిప్పారు. గోడ దగ్గర మనవాడు తెల్లటి థర్మాకోల్ షీటు పట్టుకు నిలబడ్డాడు. వెలుగు వెళ్లి షీటుకి కొట్టుకుని, మెత్తబడి వెనక్కొచ్చి ఆవిడ చెంప మీద వాలింది. షీటు జానెడు వంచితే కంటికింద నీడ పోయింది, ఇంకో జానెడు వంచితే ముక్కు పక్క గీత పోయింది. రోజు అద్దెకే వేలకి వేలు పోసే కెమెరా, దాని లెన్సులూ అన్నీ ఈ తెల్ల అట్ట ఒంపు కోసం కాచుకు కూచున్నాయి. అక్కడున్న సామానంతటిలో నాకేది కావాలో ఎంచుకోమంటే అట్టే అడుగుతాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మనవాడు పాత సంగతులు ఎత్తాడు. 1957లో ‘మాయాబజార్’కి మార్కస్ బార్ట్‌లీ లైట్లతోనే వెన్నెల పుట్టించాడు. ‘శంకరాభరణం’కి కెమెరా పట్టిన బాలు మహేంద్ర వీలైనంత వరకూ ఉన్న వెలుగునే నమ్ముకునేవాడు. మనవాడు మొదటి జట్టు, నేను రెండో జట్టు. ఇద్దరం అన్నాలు చల్లారేదాకా వాదించుకున్నాం.

సాయంత్రం ఫిల్మ్ ఛాంబర్ వైపు వెళ్లాను. దర్శకుడు దాసరి విగ్రహం ఉన్నచోటే. అక్కడ నిలబడితే నాకు గుర్తొచ్చింది రఘుపతి వెంకయ్య నాయుడు. తెలుగు సినిమా పితామహుడని దండలు వేస్తాం, 1980లో ఆయన పేర అవార్డూ పెట్టారు. అసలాయన ఫొటోగ్రాఫరు. బందరువాడు, మద్రాసులో స్టూడియో పెట్టుకున్నాడు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం గురించి విన్నాడు, బొమ్మతోపాటు శబ్దాన్నీ వినిపించేది. బాగా నడుస్తున్న స్టూడియోని తాకట్టు పెట్టి దాన్ని కొన్నాడు. వెల ముప్పై వేల రూపాయలని చెబుతారు, ఆ రోజుల ముప్పై వేలు! అది పట్టుకుని బర్మా, సిలోన్ కూడా తిరిగాడు. ఆ తర్వాత మద్రాసులో గెయిటీ థియేటరు కట్టాడు. ఇన్ని స్టూడియోలకీ, ఇన్ని బంగళాలకీ మొదట్లో ఉన్నది కొత్త సామాను చూస్తే ఆగలేని ఒక ఫొటోగ్రాఫరు. ఇది నీకు అనుకూలమైన సాక్ష్యమే, దాచకుండా రాస్తున్నాను. నీ లెన్సు ఈఎమ్ఐ గురించి అక్కయ్య అడిగితే వెంకయ్యగారి పేరు చెప్పుకో.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర,
శుక్రవారం

బావా,

నీ మాట కాదనలేక కేబీఆర్ పార్కుకి వెళ్లాను. నెమళ్లున్నాయి. బాటకి అడ్డంగా ఒకటి నడిచింది. నా కెమెరాలో అది పొదల మధ్య చీపురుపుల్లంత పడింది. నవ్వుకో. ఆ ఫ్రేములో నాకు కావలసింది నెమలి కాదు, వాకింగ్‌కొచ్చిన పెద్దాయన: నెమలి దాటేదాకా బూట్లు చప్పుడు కాకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఈ కొండల్లో ఇంకా మిగిలిన రాళ్లు చూడాలి. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఒకదాని మీదొకటి నిలబడిన గుండ్లని చాలాచోట్ల పేల్చి ఇళ్లు కట్టారు. అక్కడక్కడ కాంపౌండు గోడలో సగం, బయట సగం ఒక బండ ఉంటుంది. పక్కనే నాలుగంతస్తుల అద్దాల మేడ. మధ్యాహ్నం ఎండ ఆ అద్దాలకి తగిలి బండ మీద పడుతుంది. మొన్నటి థర్మాకోల్ చూశాక ఈ అద్దాలు కూడా అదే పని చేస్తున్నాయని తెలిసింది. నడినెత్తి ఎండలో ఫొటో తీయకూడదన్న నియమం నాకు మొదట్నుంచీ గిట్టదు. ఈ ఊళ్లో పన్నెండు గంటలప్పుడే వెలుగు పక్కనుంచి కూడా వస్తుంది. కెమెరాలోనే వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరుంది కాబట్టి అంత ఎండలోనూ అపర్చరు పెద్దదిగానే ఉంచుకుని తీశాను.

బరువు సంగతి ఇంకోటి. రాజా దీన్‌దయాళ్ కూడా మనలాగా ఉద్యోగం చేసుకుంటూ సరదాకి కెమెరా పట్టినవాడే. ఇండోరులో ప్రభుత్వ పనుల శాఖలో లెక్కలూ నక్షాలూ వేసేవాడు, 1874లో ఫొటోలు మొదలుపెట్టాడు. తర్వాత ఆరో నిజాం ఆస్థానానికి వచ్చి ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందాడు, సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఆయన గాజు ప్లేట్లు 2,857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ ప్లేట్ల మోత ముందు నీ రెండు కిలోలు ఒక లెక్కా అంటావు. నిజమే. కానీ ఆ రోజుల్లో మోయడానికి కూలీలుండేవారు, నాకు ఉన్నది నా మెడ ఒక్కటే.

మనవాడు బలవంతపెడితే చట్నీస్‌లో ‘చిరు దోశ’ తిన్నాను. నూనె లేకుండా ఆవిరి మీద మెత్తగా వేస్తారు. బాగుంది. అయినా పెసరట్టు మీద నా అభిప్రాయం మార్చుకోను.

ఆదివారం రాత్రి బండికి బయల్దేరుతున్నాను. ప్రింట్లు ఎప్పటిలాగే నలుపూ తెలుపూ, మ్యాట్ కాగితం, 8x12 సైజు. తల్లి వేషాల ఆవిడ అడ్రసు రాసుకున్నాను, ఒకటి పంపాలి. టీగ్లాసు ఫొటో చూపిస్తే, "ఇదెందుకు బాబూ, ముసలిదానిలా ఉన్నాను, మొదటిది పంపండి, రంగుల్లో, మెరిసే కాగితం మీద" అంది. ఆవిడకి అలాగే వేయిస్తాను. నీకు తెలిసిన ల్యాబువాడికి గ్లాసీ కాగితం ఉందేమో కనుక్కుని ఉంచు.