నులక మంచం బిగించడం తెలిస్తే పడవ వల తెలిసినట్టే

చిక్కడపల్లి అనగానే త్యాగరాయ గానసభ, సిటీ సెంట్రల్ లైబ్రరీ గుర్తొస్తాయి. నారాయణగూడ అంటే కాలేజీలు, టిఫిన్ సెంటర్లు. అశోక్‌నగర్ అంటే గ్రూప్స్ కోచింగులు, హాస్టల్ మంచాలు. ఇక్కడ నిలబడి తెరచాప పడవల గురించి మాట్లాడితే నవ్వుతారేమో! కానీ అశోక్‌నగర్ నుంచి ఇందిరా పార్కు మీదుగా రెండు కిలోమీటర్లు నడిస్తే ట్యాంక్‌బండే.

ఈ పేటలకి హుస్సేన్‌సాగర్ ఎక్కువగా నాలా రూపంలోనే పరిచయం. సాగర్ నిండితే మిగులు నీళ్లు దోమలగూడ, అశోక్‌నగర్ పక్కగా మూసీకి పోవాలి. 2000 ఆగస్టులో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన కురిసి ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి పాతకాపులు ఇంకా చెప్పుకుంటారు.

అదే నీటికి ఇంకో ముఖం ఉంది. సంజీవయ్య పార్కు వైపు వెళ్లండి. ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి చిన్న తెరచాప పడవలు కనిపిస్తాయి. అక్కడి యాట్ క్లబ్‌లో నేర్చుకున్న ప్రీతి కొంగర హాంగ్‌జౌ ఆసియా క్రీడల దాకా వెళ్లింది.

ఈ పడవల్లో కాటమరాన్ అనేదొకటి ఉంది. రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన పెట్టి, అడ్డంగా గొట్టాలు వేసి కలిపితే అదే. పేరు తమిళ 'కట్టుమరం' నుంచి వచ్చింది. కట్టిన మాను అని అర్థం. అంటే పేరులోనే కట్టు ఉంది! హోబీ 16 అనే ప్రసిద్ధ రకం పొడవు 16 అడుగుల 7 అంగుళాలు. మధ్యలో చెక్క బల్ల ఉండదు, వల పరుస్తారు. దాన్నే ట్రాంపొలీన్ అంటారు. మనుషులు కూర్చునేది, నిలబడేది దానిమీదే.

ఆ వలని తాడుతో బిగించే పద్ధతి మనకి కొత్తేం కాదు. నులక మంచానికి కాళ్లవైపు విడిగా ఒక తాడు ఉంటుంది కదా, సాగినప్పుడల్లా లాగి బిగించడానికి? ఇదీ అంతే. ఒకచోట ఒక్కసారే గట్టిగా లాగితే వల వంకర పోతుంది. ముందు అన్ని కన్నాల్లోంచీ తాడు వదులుగా ఎక్కించాలి. తర్వాత ఒక చివర నుంచి వరసగా కొంచెం కొంచెం లాగుతూ రావాలి. మళ్లీ మొదటికొచ్చి ఇంకో రెండు మూడు సార్లు. మొదటి షికారు అయ్యాక తాడు సాగుతుంది, అప్పుడు మరోసారి బిగించాలి.

ఒక్క తేడా గుర్తుంచుకోండి. నార తాడు తడిస్తే బిగుసుకుంటుంది, నైలాన్ తడిస్తే సాగుతుంది. అందుకే పడవకి పెద్దగా సాగని పాలియెస్టర్ తాడు మేలు.

వదులైతే అడుగు దిగబడుతుంది, అల వచ్చి వలకి కొట్టుకుని పడవ వేగం తగ్గుతుంది, రెండు పడవలూ వేటికవి మెలి తిరుగుతాయి. మరీ బిగిస్తే కన్నాలు చిరుగుతాయి, కుట్లు తెగుతాయి. మధ్యలో మనిషి నిలబడితే కాస్త లొంగాలి, కుంగకూడదు. మంచం పరీక్షా అదేగా!

వానాకాలంలో సాగర్ మీద పడమటి గాలి బాగుంటుంది. కోచింగ్ క్లాసు లేని సాయంత్రం, లైబ్రరీలో పుస్తకం మూసి ఒకసారి అటు నడిచి రండి. చెరువు మనదే, కట్టు కట్టే విద్యా మనదే.