తెల్లకుక్క మీది నల్లచార



జానీ క్యాష్ 1932లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఒక పేద రైతు ఇంట పుట్టాడు. కంట్రీ అనబడే ఆ దేశపు పల్లె సంగీతంలో గొప్ప పేరు పొందాడు. బిల్లీ గ్రాహం సువార్త కూటాల్లో పాడాడు. మత్తు మాత్రలకు బానిసై ఎంతో పోగొట్టుకున్నాడు కూడా. పాతికేళ్లకు పైగా ఆయన రికార్డులు వేసిన కొలంబియా కంపెనీ 1986లో ఆయనను వదులుకుంది.

ఆ మనిషి 62వ ఏట, 1994లో, ‘అమెరికన్ రికార్డింగ్స్’ అనే ఆల్బం తెచ్చాడు. వాద్యబృందం లేదు. ఒక గిటారు, ఒక ముసలి గొంతు, అంతే. కంట్రీ రేడియోవారు పెద్దగా పట్టించుకోలేదు గాని విమర్శకులు ఎంతగానో మెచ్చుకున్నారు. మరుసటి ఏడు దానికి గ్రామీ బహుమతి వచ్చింది. అదీ కంట్రీ విభాగంలో కాదు, సమకాలీన జానపద విభాగంలో!

విమర్శకులు మెచ్చింది ఆ గొంతులోని నిజాయితీని. అయితే అందులో మొదటి పాట ప్రియురాలిని చంపినవాడు పాడుకునేది. అదే ఆల్బంలో యేసు రక్తాన్ని గూర్చి క్యాష్ రాసిన ‘రిడెంప్షన్’, అనగా విమోచన అనే పాట ఉంది. ఒక విశ్వాసి ఈ రెండూ ఒకే నోట పాడవచ్చునా?

జవాబు అట్టమీదే ఉంది. నల్లకోటుతో నిలబడిన క్యాష్ దగ్గర రెండు కుక్కలున్నాయి. ఒకటి తెల్లచార ఉన్న నల్లది, రెండవది నల్లచార ఉన్న తెల్లది. నల్లది పాపమనీ, తెల్లది విమోచన అనీ ఆయనే చెప్పాడు. తాను ఎంత చెడ్డగా ఉన్నా పూర్తిగా చెడ్డవాడు కాలేదట. ఎంత మంచిగా ఉండగోరినా ఆ నల్లచార పోలేదట.

మన సాక్ష్య కూడికల్లో నల్లకుక్కను గూర్చి ధైర్యంగా చెప్తాం. రక్షణకు ముందు త్రాగేవాణ్ణి, కొట్టేవాణ్ణి అంటాం. తెల్లకుక్క మీది చార సంగతి మాత్రం ఎవరమూ ఎత్తం. బాప్తిస్మం పొందిన ఒక సహోదరుడు మళ్లీ త్రాగుడులో పడి, ఆ సిగ్గుతో ప్రభువు బల్లకు రావడమే మానుకున్నాడు. పడినవాడు తానొక్కడే అనుకున్నాడు. అలా అనుకొనేలా చేసింది మన మౌనమే కాదా?

దావీదు రాజై, దేవుని ఎరిగినవాడై ఉండి కూడా ఊరియా విషయంలో ఘోరంగా పడ్డాడు. ఆ పశ్చాత్తాపాన్ని దాచలేదు. 51వ కీర్తనగా ప్రధాన గాయకునికి అప్పగించాడు. సంఘమంతా పాడడానికి!

పాపాన్ని తేలిక చేయమని నేననడం లేదు. చార చారే. కాని ప్రియ సహోదరుడా, సహోదరీ, దాన్ని చూసి ఇల్లు విడిచిపోవద్దు. నీ యజమాని నిన్ను కొన్ననాడే ఆ చారను ఎరుగును.